ముసుగు హాస్యము - మన బిడ్డల నాటకశిక్షణ

పాఠశాలలో బిడ్డలకు నాటకము నేర్పుదుమనగానే తల్లిదండ్రులు సామాన్యముగ రెండు ప్రశ్నలు వేయుచుందురు. పరీక్షలకు దీనివలన ప్రయోజనమేమి యనునది మొదటిది. రెండవది కొంచెము సంకోచముతో వచ్చును: "మా యింటి తెలుగు సగము కన్నడముతో కలిసినది. అట్టి మాటతో మా పిల్లవాడు రంగస్థలముపై నిలువగలడా?" మొదటి ప్రశ్నకు సమాధానము పలువురు చెప్పియున్నారు. రెండవదానికి సమాధానము వెదకుచు ఇటలీ దేశమువరకు పోయిరావలసియున్నది.

ఆ దేశమున పదునారవ శతాబ్దమందు 'కొమ్మేదియా దెల్లార్తె' యను నాటకపద్ధతి వర్ధిల్లెను. వృత్తిగా నాటకమాడువారి హాస్యమని దాని భావము. 1545 ఫిబ్రవరిలో పాదువా నగరమున ఎనమండుగురు నటులు కూడి వ్రాసికొనిన ఒడంబడిక నేటికిని నిలిచియున్నది. ఎవడైన జబ్బుపడినచో ఉమ్మడి ధనమునుండి సాయము చేయవలెననియు, సామాను మోయుటకు ఉమ్మడిగా ఒక గుర్రమును కొనవలెననియు అందు కలదు. 1885లో కడప సీమలో పుట్టిన మన సురభి కుటుంబముల సంచారజీవనము తెలిసినవారికి ఈ గుర్రపు సంగతి ముచ్చట గొలుపక మానదు.

వీరి నాటకమునకు వ్రాసిన సంభాషణలు లేవు. కథాక్రమమును, ఎవరెప్పుడు ప్రవేశింపవలయునో ఆ వివరమును కాగితముపై వ్రాసి తెరవెనుక తగిలించెడివారు; మాటలను నటులు అప్పటికప్పుడు కల్పించుకొనెడివారు. ఫ్లమీనియో స్కాలా యనునతడు అట్టి కథాసంగ్రహములను ఏబదింటిని 1611లో అచ్చొత్తించెను. కథ మారినను పాత్రలు మారవు. పంతలోనె వెనీసు వర్తకుడు, ముసలి పిసినారి, పడుచుపిల్లపై మోజుపడువాడు. దొత్తోరె బొలోన్యా పండితుడు, వాగుట ఆపడు. కపితానో బడాయి యోధుడు. ఆర్లెక్కీనో, బ్రిగెల్లా బెర్గామో ప్రాంతపు నౌకరులు. మొదటివానికి ఎల్లప్పుడు ఆకలియే. వీరందరు తోలు ముసుగులు (కన్నడిగులు ముఖవాడ యనునవి) ధరింతురు. ప్రేమికుల జంటకు మాత్రము ముసుగు లేదు.

ఈ బృందము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. పంతలోనెను చూచినపుడు 'కన్యాశుల్కము'లోని లుబ్ధావధానులు తలపునకు వచ్చును. కపితానో మన పిట్టలదొరకు తోబుట్టువు వంటివాడు: చేత కొయ్యతుపాకి, నోట కోటలు దాటు మాటలు. తోలుబొమ్మలాటలో రామాయణము నడుమ దూరి జనమును నవ్వించు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు కూడ ఇట్టి మారని పాత్రలే. బెంగుళూరునకు ఉత్తరమున, ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేయు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. పిల్లలను ఒకసారి అచటికి తోడ్కొనిపోయిన, పుస్తకము చెప్పలేని దానిని బొమ్మ చెప్పును.

ఇక అసలు విషయము. ఇటలీ నాటకమున అందరు ఒక్క భాష మాటలాడరు. పంతలోనెది వెనీసు మాండలికము. పండితునిది బొలోన్యా మాట, నడుమ వంకర లాటిను. నౌకరులది బెర్గామో యాస. కపితానో తరచుగా స్పానిషు కలిపి పలుకును. ప్రేమికులు మాత్రము గ్రంథములలోని టస్కను భాషను పలుకుదురు. నవ్వులో సగము ఈ కలగలుపునుండియే పుట్టును. మన బెంగుళూరు బిడ్డ ఇంట తెలుగు, వీధిలో కన్నడము, తరగతిలో ఇంగ్లీషు, అంగడిలో తమిళమో దక్కనీయో వినుచుండును. ఇంతటి సామగ్రి చేతనుంచుకొని సిగ్గుపడుట ఎందులకు? కన్నడమును ఇంగ్లీషును కలిపి మాటలాడు పాత్రలతోనే టి. పి. కైలాసముగారు (1884-1946) కన్నడ రంగస్థలమునకు క్రొత్త ఊపిరి పోసిరి.

అట్లని చక్కని తెలుగు వలదనుట కాదు. ప్రేమికుల పాత్రకు నిర్దుష్టమైన తెలుగే కావలెను. ఒకే బాలుడు నేడు నౌకరుగను, రేపు ప్రేమికుడుగను నటించినచో ఏ మాట ఎచ్చట చెల్లునో తానే గ్రహించును. వ్యాకరణపాఠముకంటె ఇది త్వరగ పట్టుపడునని నా నమ్మకము.

పదునెనిమిదవ శతాబ్దము ముగియునప్పటికి ఈ కళ క్షీణించెను. 1947లో మిలాను నగరపు పిక్కొలో తెయాత్రో వారు గోల్డోనీ రచించిన 'ఇద్దరు యజమానుల సేవకుడు'ను ప్రదర్శించుటతో దానికి మరల జీవము వచ్చినది. కొయ్య అచ్చుపై తడితోలును మలచి ముసుగు చేయు విద్యను పాదువా శిల్పి అమ్లెతో సార్తోరీ పునరుద్ధరించెను. ఆయనతో కలిసి పనిచేసిన ఝాక్ లెకాక్ 1956లో పారిసున పాఠశాల స్థాపించెను. నేడు పలు దేశముల నాటకశిక్షణాలయములలో ముసుగు పాఠము ఉండుటకు ఆ పాఠశాల ముఖ్యకారణము.

పాఠక్రమ మిట్లుండును. మొదట ఏ భావమును లేని ముసుగు నిచ్చి నడువుమందురు, కూర్చుండుమందురు, బరువెత్తుమందురు. ముఖము కప్పబడినది గనుక వెన్ను, మోకాళ్లు, మెడ మాటలాడక తప్పదు. పిమ్మట నోరు విడిచి పైభాగమును మాత్రము కప్పు పాత్రల ముసుగు వచ్చును. దానిని సభకు వీపు త్రిప్పి ధరింపవలెను. ఆటలో చేతితో తాకరాదు. వీలైనంతవరకు ముఖము సభవైపే ఉండవలెను. తరువాత 'లాద్జి' యను చిన్న హాస్యపు తునకలు. ఆకలిగొన్న ఆర్లెక్కీనో ఈగను తరిమి పట్టి తినుట అందు ప్రసిద్ధము. పిల్లలు దీనిని గంటలకొలది విడువరు. ముసుగు చాటున నోరు తెరచు పిరికిపిల్లలు కలరు. ముసుగు చూచి బెదరు పిల్లలును కలరు. వారిని బలవంతపెట్టరాదు, ప్రేమికుల పాత్ర వారికి సిద్ధముగనే యున్నది.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. ఇంగ్లండున బాలురే స్త్రీపాత్రలు ధరించు కాలమందు ఇటలీలో ఇసబెల్లా ఆంద్రేయినీ (1562-1604) కవయిత్రిగను నటిగను గౌరవము పొందెను.

మనకు తోలు అక్కరలేదు. పాత వార్తాపత్రికలు, మైదా జిగురు, బంకమట్టి అచ్చు చాలును. పొర ఆరిన పిమ్మటనే మరియొక పొర వేయవలెను. వానకాలమున రెండు మూడు దినములు అధికముగ పట్టును. కంటి రంధ్రములు పెద్దవిగ నుండవలెను, నొసటిచోట మెత్తని గుడ్డ అంటింపవలెను. కాగితములతోపాటు, ఇంటనున్న అవ్వగారి సామెతలను, గదమాయింపులను ఆమె యాసలోనే ఒక పుటపై బిడ్డచేత వ్రాయించి పంపగోరుచున్నాము. వానిని దిద్దవలదు.