పెద్దల ఎముకలే వారసత్వం: ప్రాచీన మాయన్ల చావు, సమాధి, యుద్ధం

2012లో ప్రపంచం అంతమైపోతుందని జరిగిన హడావిడి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో టీవీల్లో రోజూ వినిపించిన పేరు మాయన్లు. వాళ్ల కేలండర్‌లో అలాంటి జోస్యమే లేదు. డిసెంబర్ 21 వచ్చింది, వెళ్లిపోయింది. కానీ మాయన్లు అనగానే ఇప్పటికీ కేలండర్, నరబలి తప్ప మూడో మాట వినిపించదు. అసలు వాళ్లు చావును ఎలా చూశారు? తమవాళ్లను ఎక్కడ పాతిపెట్టారు? దేనికోసం యుద్ధాలు చేశారు? ఈ మూడు ప్రశ్నలకూ ముడి ఒకటే. అదేమిటో చూద్దాం.

ఎవరీ మాయన్లు?

పేరు వింటే మన ‘మాయ’ గుర్తొస్తుంది గానీ, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురస్, ఎల్ సాల్వడార్ దేశాల్లోని అడవులు, కొండల మధ్య పెరిగిన నాగరికత ఇది. క్రీ.శ. 250 నుంచి 900 వరకు దాని ఉచ్ఛదశ. అందరినీ ఏలే చక్రవర్తి అంటూ ఎవరూ లేరు. ఊరికో రాజు, రాజుకో ఫౌజు, ఒకరితో ఒకరికి పొత్తులు, పగలు.

వాళ్లకు సొంత లిపి ఉండేది. రాజుల పుట్టుక, పట్టాభిషేకం, యుద్ధం, మరణం అన్నీ రాళ్ల మీద తేదీలతో చెక్కించారు. అయితే 20వ శతాబ్దం మధ్య వరకు పండితులకు ఆ రాతలు సరిగ్గా అర్థం కాలేదు. మాయన్లంటే నక్షత్రాలు లెక్కబెట్టుకునే శాంతమూర్తులని అనుకున్నారు. 1960లో తతియానా ప్రోస్కురియాకోఫ్ అనే పరిశోధకురాలు పియేద్రాస్ నేగ్రాస్ అనే ఊరి శాసనాలను పరిశీలించి, అవి రాజుల జీవిత చరిత్రలని తేల్చారు. అక్కడి నుంచి కథ మారిపోయింది.

ఖబ్రస్తాన్ లేని ఊళ్లు

మాయా ఊళ్లలో చాలాచోట్ల విడిగా ఖబ్రస్తాన్ కనిపించదు. ఇంటివాళ్లు చనిపోతే ఆ ఇంటి నేల కిందో, పెరట్లోనో పాతిపెట్టేవారు. నేల మళ్లీ చదును చేసి, అదే ఇంట్లో వంట, నిద్ర, పిల్లల ఆటలు అన్నీ సాగేవి. ఇల్లు పాతబడితే అదే చోట ఇంకో ఇల్లు కట్టేవారు. తవ్వకాల్లో ఒకే ఇంటి కింద తరాల తరబడి సమాధులు బయటపడ్డాయి.

ఇది ప్రేమ ఒక్కటే కాదు, హక్కు కూడా అంటారు పురావస్తు పరిశోధకులు. పట్టా కాగితాలు లేని కాలం. “ఈ జమీన్ మాది” అనడానికి రుజువు ఏమిటి? మా తాత ఈ నేల కిందే ఉన్నాడు, అదే రుజువు. ఇంటిపెద్ద చనిపోయినా ఇంటిపెద్దగానే ఉండిపోయాడన్నమాట.

శవం నోట్లో ఏం పెట్టేవారో 16వ శతాబ్దంలో యుకతాన్‌లో ఉన్న స్పానిష్ పాదరీ దియేగో దె లాందా రాసిపెట్టాడు. గుడ్డలో చుట్టి, నోట్లో రుబ్బిన మొక్కజొన్న, డబ్బుగా వాడే రాళ్లు పెట్టేవారట. అవతలి లోకంలో తిండికి లోటు రాకూడదని. ఆయన కాలానికి, ఇంట్లో పాతిపెట్టాక చాలామంది ఆ ఇల్లు వదిలేసేవారని కూడా రాశాడు. అంటే రెండు వేల ఏళ్లూ, అన్ని ఊళ్లలోనూ ఆచారం ఒకేలా లేదు. ఇంకో సంగతి ఏమిటంటే, 1562లో మానీ అనే ఊళ్లో మాయన్ల పుస్తకాలను తగలబెట్టించింది కూడా ఈ లాందాయే.

మొక్కజొన్నే ఎందుకు? కిచే మాయన్ల పవిత్ర కథల గ్రంథం పొపోల్ వూహ్ ప్రకారం, దేవతలు మనిషిని చేసిందే మొక్కజొన్న పిండితో. చనిపోయినవాళ్లు వెళ్లే చోటు షిబల్బా అనే పాతాళం. అక్కడి ప్రభువులు మోసగాళ్లు, రోగాలు తెచ్చేవాళ్లు. కవల సోదరులు ఇద్దరు అక్కడికి వెళ్లి, తెలివితో ఆ ప్రభువులను ఓడించి వస్తారు. మొక్కజొన్న గింజ మట్టిలోకి వెళ్లి మళ్లీ మొలకెత్తుతుంది కదా, మనిషి కూడా అంతేనని వాళ్ల నమ్మకం.

మెట్ల కింద దొరికిన రాజు

ఈ నమ్మకాన్ని కళ్లకు కట్టినట్టు చూడాలంటే మెక్సికోలోని పాలెంకే వెళ్లాలి. అక్కడి రాజు కినిచ్ జనాబ్ పకాల్ 12 ఏళ్ల వయసులో, 615లో గద్దెనెక్కాడు. 683లో, 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన సమాధి మీద పెద్ద పిరమిడ్ ఆలయం ఉంది. 1949లో ఆల్బెర్తో రూస్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆలయం నేలలో రంధ్రాలున్న ఒక బండను గమనించాడు. దాన్ని లేపితే కింద రాళ్లూ మట్టీ కూరిన మెట్లు కనిపించాయి. ఆ మెట్లను ఖాళీ చేయడానికే ఏళ్లు పట్టింది. 1952లో సమాధి గది తెరుచుకుంది.

పెద్ద రాతి పెట్టెలో రాజు. ముఖానికి పచ్చరాతి తొడుగు. ఒంటి మీద ఎర్రటి సింధూరం లాంటి పాదరస ఖనిజం. పెట్టె పక్కల మీద ఆయన పూర్వీకులు నేల చీల్చుకుని పండ్ల చెట్లతో పాటు మొలుస్తున్నట్టు చెక్కారు. మూత మీది బొమ్మను చూసి “రాకెట్‌లో వెళ్తున్న మనిషి” అని ఒక ప్రచారం లేచింది గానీ, అందులో రాకెట్ ఏమీ లేదు. పాతాళం నోటి దగ్గర ఉన్న రాజు, ఆయన వెనక లోకాలను కలిపే చెట్టు ఉన్నాయి. సమాధి నుంచి మెట్ల వెంబడి పై ఆలయం దాకా ఒక బోలు గొట్టం కూడా కట్టారు. రాజు కింద ఉన్నా, పైనున్న వారసులతో తెగిపోకూడదని. సామాన్యుడి ఇంట్లో నేల కింద తాత ఎలాగో, రాజ్యానికి పిరమిడ్ కింద రాజు అలాగే.

యుద్ధంలో ఏం గెలిచేవారు?

గుర్రాలు లేవు, ఇనుము లేదు. ఈటెలు, గదలు, చెకుముకి రాతి పలుగులు, గాజులా పదునైన అగ్నిపర్వత రాయి. ఒంటికి పత్తి కూరిన కవచాలు. వాటిని తర్వాత స్పానిష్ సైనికులు కూడా తొడుక్కున్నారు.

గొప్పింటి శత్రువును బతికుండగానే పట్టుకోవడం పెద్ద ఘనత. యష్‌చిలాన్ రాజు ఒకడు తనను తాను “20 మంది ఖైదీలవాడు” అని రాయించుకున్నాడు. ‘బాక్’ అనే మాటకు వాళ్ల భాషలో ఎముక అనీ, ఖైదీ అనీ రెండు అర్థాలు. బోనంపాక్‌లో 8వ శతాబ్దం చివర గీసిన గోడబొమ్మల్లో పోరు, ఆ తర్వాత మెట్ల మీద కూలబడ్డ ఖైదీలు, వాళ్ల వేళ్ల నుంచి కారే రక్తం ఇప్పటికీ కనిపిస్తాయి. బలి ఇచ్చినవాళ్లలో ఇలాంటి ఖైదీలు చాలామంది.

తికాల్, కలక్ముల్ రాజ్యాల మధ్య తరాల పగ ఉండేది. 562లో తికాల్ ఓడిపోయింది. ఆ తర్వాత సుమారు 130 ఏళ్లు అక్కడ తేదీ వేసిన శాసన స్తంభం నిలబెట్టలేదు. 695లో తికాల్ రాజు హసావ్ చాన్ కవీల్ కలక్ముల్‌ను ఓడించి లెక్క సరిచేశాడు. చనిపోయాక ఆయన్ను పాతిపెట్టిన చోటే 47 మీటర్ల ఎత్తు పిరమిడ్ లేచింది. 738లో చిన్న ఊరైన కిరిగ్వా, తనపై పెత్తనం చేసే కోపాన్ రాజును పట్టుకుని తల నరికింది. కోపాన్ వాళ్లు తర్వాత ఏం చేశారంటే, తమ వంశ చరిత్ర మొత్తాన్ని ఒక పెద్ద మెట్లదారి మీద రెండు వేలకు పైగా అక్షర చిహ్నాలతో చెక్కించారు. రాజు పోయినా పెద్దలు ఉన్నారని చాటుకోవడం అది.

అదే నిప్పు, రెండు అర్థాలు

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. రాజ్యం పెద్దల ఎముకల మీద నిలబడితే, రాజ్యాన్ని కూల్చాలనుకున్న శత్రువు ఎక్కడికి వెళ్తాడు? సమాధి దగ్గరికే.

నారంహో రాజ్యం శాసనం ఇలాంటి సంగతే చెబుతుంది. 697 మే 21న బహ్లమ్ హోల్ అనే ఊరిని తగలబెట్టామని అందులో ఉంది. ఇప్పుడు విట్స్నా అని పిలిచే ఆ ఊళ్లో కాలిన కట్టడాలు, పక్కనున్న సరస్సు అడుగున మసి పొర దొరికాయి. అదే నారంహో 710లో యష్హా మీద పడింది. ఈసారి చనిపోయిన యష్హా రాజు ఎముకలను తవ్వి తీసి, ఒక ద్వీపంలో వెదజల్లామని రాసుకుంది. ఉకనాల్ అనే ఊళ్లో రాజకుటుంబం వాళ్ల ఎముకలను, వాళ్ల నగలతో సహా కాల్చి, కట్టడంలో కూరే మట్టితో కలిపి పారేశారు. క్రీ.శ. 773 నుంచి 881 మధ్య జరిగిన ఈ సంగతిని పరిశోధకులు 2024లో ప్రకటించారు. పాత వంశం ముగిసిందని ఊరంతటి ముందు చెప్పడమే దాని ఉద్దేశం అంటున్నారు.

ఇందులో ఒక వింత ఉంది. సొంతవాళ్లు కూడా సమాధిలోకి నిప్పు తెచ్చేవారు! పియేద్రాస్ నేగ్రాస్‌లో 757లో చనిపోయిన రాజు సమాధిని, పాతికేళ్ల తర్వాత 782లో వారసుడే తెరిపించి, పొగ వేయించి, గౌరవించినట్టు శాసనం ఉంది. తవ్వి చూస్తే సమాధిలో మసి పట్టిన ఎముకలు దొరికాయి, కొన్ని ఎముకలు అసలు లేవు. వారసుడి చేతిలోని నిప్పు పెద్దల్ని పలకరించడం. శత్రువు చేతిలోని నిప్పు వంశాన్ని తుడిచేయడం. చేసే పని ఒకటే, చేసేవాళ్లను బట్టి అర్థం తిరగబడుతుంది.

ఈ పియేద్రాస్ నేగ్రాస్‌లోనే 1998లో ఇంకో సమాధి చేరింది. ఆ రాతల గుట్టు విప్పిన ప్రోస్కురియాకోఫ్ అస్థికలను అక్కడే భద్రపరిచారు.

మాయన్లు ఎక్కడికీ పోలేదు

9వ శతాబ్దంలో దక్షిణాన ఉన్న పెద్ద ఊళ్లు ఖాళీ అయ్యాయి గానీ, మనుషులు అంతరించలేదు. ఇవాళ కూడా లక్షలాది మాయన్లు తమ భాషలు మాట్లాడుతున్నారు. మెక్సికోలోని పొముచ్ అనే ఊళ్లో కుటుంబాలు ఏటా తమవాళ్ల ఎముకలను పెట్టెలోంచి తీసి, తుడిచి, కుట్టుపని చేసిన కొత్త గుడ్డ పరిచి మళ్లీ పెడతాయి.

గ్వాటెమాలాలో మాత్రం ఆ భాగ్యం చాలామందికి దక్కలేదు. అక్కడ 1960 నుంచి 1996 వరకు అంతర్యుద్ధం సాగింది. రెండు లక్షలకు పైగా జనం చనిపోయారు లేదా మాయమయ్యారని, గుర్తించిన బాధితుల్లో 83 శాతం మాయన్లేనని సత్యశోధన కమిషన్ 1999లో తేల్చింది. ఊళ్లకు ఊళ్లను సామూహిక గోతుల్లో పూడ్చేశారు. ఆ గోతులను తవ్వి, ఎముకలను ఒక్కొక్కటిగా పోల్చి ఇంటివాళ్లకు అప్పగించే పని ఏళ్లుగా నడుస్తోంది. చిన్న పెట్టెలో వచ్చిన తండ్రినో, అన్ననో సొంత ఊళ్లో పాతిపెట్టుకుని ఏడ్చే కుటుంబాలకు, వెయ్యేళ్ల కిందటి ఆ ఇంటి నేల ఎందుకు అంత ముఖ్యమో ఎవరూ వివరించనక్కర్లేదు.