పట్నం నేర్చిన పక్షులు, నేర్వలేని పక్షులు

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రభువు తన శిష్యులకు కాకులను చూపించారు. మత్తయి సువార్తలో ఇదే బోధ మామూలుగా పక్షులన్నిటి గురించి అన్నట్టు ఉంటుంది. లూకా మాత్రం కాకి పేరు పెట్టి రాశాడు. లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం కాకి అపవిత్రమైన పక్షి. విన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ప్రభువు దాన్నే చూడమన్నారు. ఈ వాక్యభాగం మీద ప్రసంగించేటప్పుడు మనం చింత మానుకోవడం గురించి చాలాసేపు చెబుతాం గానీ, చూడమన్న ఆజ్ఞను దాటేసి వెళ్లిపోతాం. ఈ వారం ఆ చూసే పని చేద్దాం.

విత్తనం, కోత, గిడ్డంగి లేని పక్షులను తండ్రి పోషిస్తున్నాడంటే, గూటి దగ్గరికి మేత తెచ్చి నోట్లో పెడుతున్నాడని అర్థం కాదు. తెల్లవారక ముందే లేచి సాయంత్రం దాకా తిరిగే కాకిని ఎవరూ సోమరి అనలేరు. దేవుడు దానికి రెక్కలు, ముక్కు ఇచ్చినట్టే మెదడూ ఇచ్చాడు. ఆయన పోషణలో ఆ మెదడు కూడా ఒక భాగమే. అది ఎంతటి మెదడో మనుషులకు ఈమధ్యనే తెలుస్తోంది.

ఇంగ్లీషులో తెలివితక్కువవాణ్ణి 'బర్డ్ బ్రెయిన్' అని తిడతారు. పక్షి తల చిన్నది కాబట్టి తెలివీ చిన్నదేనని పూర్వం పండితులు కూడా అనుకున్నారు. 2016లో కొందరు శాస్త్రవేత్తలు 28 జాతుల పక్షుల మెదళ్లలో నాడీకణాలను లెక్కపెట్టారు. చిలుకల్లోనూ పాటపక్షుల్లోనూ ఆ కణాలు చాలా దగ్గర దగ్గరగా పేర్చి ఉన్నాయి. అంతే బరువున్న కోతి మెదడుతో పోలిస్తే సగటున రెట్టింపు ఉన్నాయని తేలింది. అన్నట్టు, శాస్త్రజ్ఞుల వర్గీకరణలో కాకి కూడా పాటపక్షే. దాని గొంతు విన్నవాళ్లు నమ్మరు గానీ, నిజం.

కుండలో రాళ్లు వేసి నీళ్లు పైకి తెచ్చుకున్న కాకి కథ మనమందరం చిన్నప్పుడు విన్నదే. 2009లో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో క్రిస్టొఫర్ బర్డ్, నేథన్ ఎమరీ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కథను పరీక్షకు పెట్టారు. కాకి కుటుంబానికే చెందిన రూక్ అనే పక్షులు నాలుగింటిని తీసుకున్నారు. సన్నని గాజు గొట్టంలో కొంచెం నీళ్లు పోసి, దానిమీద ఒక పురుగు తేలేలా చేసి, పక్కన రాళ్లు పెట్టారు. నాలుగు పక్షులూ రాళ్లు వేసి పురుగును అందుకున్నాయి. చిన్న రాళ్లకంటే పెద్ద రాళ్లతో పని త్వరగా అవుతుందని కూడా తెలుసుకున్నాయి.

ఇక పట్నం సంగతి. పక్షికి పట్నం అంటే తన పూర్వీకులు ఎన్నడూ చూడనివన్నీ ఒకచోట చేరడం. గాజు గోడలు, రాత్రంతా దీపాలు, హారన్లు, కరెంటు తీగలు, మూతపెట్టిన చెత్తడబ్బాలు. ఇలాంటి చోట బతకాలంటే, పాత అలవాటు పనికిరాదని తెలియగానే దాన్ని వదిలి కొత్తది పట్టుకోగలగాలి. దీన్నే 'బిహేవియరల్ ఫ్లెక్సిబిలిటీ' అంటున్నారు. ప్రవర్తనలో వెసులుబాటు అనుకుందాం. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లూయీ లెఫెవ్ర్ అనే ఆచార్యుడు దీన్ని కొలవడానికి ఒక తేలికైన దారి కనిపెట్టారు. పక్షులను గమనించేవాళ్లు ఏ పక్షి అయినా వింతగా మేత సంపాదించడం చూస్తే పత్రికలకు చిన్న ఉత్తరం రాస్తుంటారు. ఆయన అలాంటివి వేలకొద్దీ పోగుచేసి, ఏ కుటుంబం పక్షుల పేరిట ఎక్కువ వింతలు నమోదయ్యాయో లెక్కించారు. శరీరంతో పోలిస్తే మెదడు పెద్దదైన కుటుంబాలే ముందున్నాయి. మనుషులు కొత్త దేశాలకు తీసుకెళ్లి వదిలిన పక్షుల్లో కూడా అలాంటి జాతులే ఎక్కువగా నిలదొక్కుకున్నాయని 2005లో ఆయన, సహచరులు చూపించారు.

ఒక పక్షి నేర్చుకున్నది ఇంకో పక్షికి ఎలా అందుతుందో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరం బాగా చూపించింది. పసుపు జుట్టు, తెల్లని ఒళ్లు ఉన్న కాకటూ చిలుకలు సిడ్నీలో ఉంటున్న మన తెలుగువాళ్లకు బాగా తెలుసు. చెత్తబండి వచ్చే రోజు ఇళ్లముందు పెట్టిన డబ్బాల బరువైన మూతను ముక్కుతో ఎత్తి, అంచు మీద నడుచుకుంటూ వెళ్లి వెనక్కి తిప్పేసి, లోపలి రొట్టెముక్కలు తినడం అవి నేర్చుకున్నాయి. 2018కి ముందు ఈ పని మూడు పేటల్లోనే కనిపించేది. 2019 చివరికి 44 పేటలకు పాకింది. అది కూడా ఎక్కడపడితే అక్కడ కాదు, పక్కపేట నుంచి పక్కపేటకు. ఒక్కో పేట చిలుకలు మూత తెరిచే తీరు కూడా కాస్త వేరుగా ఉందట, మన జిల్లాల యాసల్లాగా. అన్ని చిలుకలకూ ఈ విద్య రాలేదు. పదింటిలో ఒకటి తెరిస్తే మిగిలినవి చుట్టూ చేరి తిన్నాయి. ఇళ్లవాళ్లు మూతల మీద ఇటుకలు పెట్టారు. చిలుకలు వాటిని తోసేశాయి. అప్పుడు మూత కీలులో చెప్పులు, కర్రలు దూర్చడం మొదలుపెట్టారు. ఆ ఉపాయాలను కూడా ఇరుగుపొరుగువాళ్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని పరిశోధకులు తమాషాగా గుర్తించారు.

అమెరికాలోని సియాటిల్‌లో కాకుల జ్ఞాపకశక్తి మీద జాన్ మార్జ్‌లఫ్ అనే ఆచార్యుడు చేసిన పరిశోధన ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. 2006లో ఆయన బృందం ఆదిమానవుడి ముఖం ఉన్న ముసుగు వేసుకుని కొన్ని కాకులను పట్టి, గుర్తు కట్టి వదిలేసింది. ఆ తర్వాత ఎవరు ఆ ముసుగుతో నడిచినా కాకులు పైన చేరి గోల చేశాయి. వేరే ముసుగు వేసుకుంటే పట్టించుకోలేదు. ఏళ్లు గడిచాక, పట్టుబడిన కాకులే కాదు, ఆనాటికి పుట్టని కాకులు కూడా ఆ ముఖాన్ని చూసి అరిచాయి. తల్లిదండ్రులు పిల్లలకు చెప్పాయన్నమాట. మనిషి ముఖాలతో నిండిన పట్నంలో ఎవరు మేత వేస్తారో, ఎవరు రాయి వేస్తారో తెలిసి ఉండటం చిన్న విషయం కాదు.

ఇక్కడ ప్రసంగికులకు ఒక మనవి. జపాన్‌లోని సెండాయ్ నగరంలో కాకులు అక్రోటుకాయలను రోడ్డు మీద పడేసి, కార్ల చక్రాల కింద నలిగాక తింటాయి. ఇది నిజమే, చిత్రాలు కూడా తీశారు. అయితే కాకులన్నీ కార్లను పనిముట్లుగా వాడుకుంటాయని చెప్పే సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. కాలిఫోర్నియాలో ఇదే సంగతిని ఓపికగా పరీక్షించినవాళ్లకు అక్కడి కాకులు కార్ల కోసం అలా చేస్తున్నట్టు రుజువు దొరకలేదు. బల్ల మీద నిలబడి చెప్పే ఉదాహరణ నిజమైనంత మేరకే చెప్పాలి. దేవుని సృష్టికి మన అతిశయోక్తి అక్కరలేదు.

పాట సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణంలో గ్రేట్ టిట్ అనే చిన్నపిట్టలు రద్దీ ఎక్కువగా ఉన్న వీధుల్లో హెచ్చుస్థాయిలో పాడుతున్నాయని 2003లో తేలింది. వాహనాల రొద తగ్గుస్థాయిలో ఉంటుంది కాబట్టి దాని మీదుగా వినబడాలంటే గొంతు పైకి ఎత్తాలి. 2020 లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు నిశ్శబ్దమైనప్పుడు అక్కడి పిచ్చుకజాతి పిట్టలు మళ్లీ మెల్లగా, కింది స్థాయిలో పాడాయి. అవి ఏళ్ల తరబడి ఎంత అరవవలసి వచ్చిందో ఆ కొద్ది నెలల్లో తెలిసింది.

ఇదంతా చదివితే పరిణామవాదం మాట వస్తుందేమోనని కొందరికి అనుమానం కలగవచ్చు. పైన చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఒక పక్షి తన జీవితకాలంలోనే నేర్చుకున్నవి, లేదా పక్కదాన్ని చూసి నేర్చుకున్నవి. జంతువులకు జ్ఞానం ఉందనడానికి బైబిలు ఎన్నడూ వెనుకాడలేదు. సామెతలు 30వ అధ్యాయంలో చీమకు, కుందేటికి వాడిన హీబ్రూ మాట సొలొమోను జ్ఞానానికి వాడిన మాటకు చెందినదే.

అయితే తెలివికి ఒక హద్దు ఉంది. మెక్సికో నగరంలో పిచ్చుకలు, ఫించ్ పిట్టలు కాల్చి పారేసిన సిగరెట్ పీకల నుంచి దూది తీసి గూటిలో పరుస్తాయి. పొగాకులోని మందు వల్ల అలాంటి గూళ్లలో నల్లుల వంటి పురుగులు తగ్గాయని 2013లో చూపించారు. ఎంత తెలివి అనుకున్నారు. తర్వాత పిల్లల రక్తాన్ని పరీక్షిస్తే, పీకలు ఎక్కువున్న గూళ్లలో పెరిగినవాటి కణాల్లో జన్యుపదార్థం దెబ్బతిన్న గుర్తులు ఎక్కువగా కనిపించాయి. మనం పారేసిన విషంతో ఆ తల్లి తన పిల్లలకు మందు వేసింది. అది చేయగలిగింది అంతే.

పట్నంలో నెగ్గుకొచ్చిన ప్రతి పక్షీ తెలివైనదనుకోవడం కూడా పొరపాటే. మన అపార్టుమెంట్లను ఆక్రమించిన పావురాన్ని చూడండి. దాని పూర్వీకులు కొండచరియల అంచుల మీద గూళ్లు పెట్టేవి. అయిదో అంతస్తు కిటికీ గట్టు వాటికి మరో కొండచరియ, అంతే. నెగ్గుకు రావడం అన్నిసార్లూ మేలు కూడా కాదు. మన ఊరకాకిని 19వ శతాబ్దం చివర్లో జాంజిబార్ దీవికి తీసుకెళ్లారు. అది తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించి అక్కడి చిన్నపక్షుల గూళ్లను దోచుకుంటోంది. 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల కాకులను తొలగించాలని పూనుకోవలసి వచ్చింది.

మరి నేర్వలేనివాటి మాట ఏమిటి? నన్ను ఈ వ్యాసానికి పురికొల్పిన ప్రశ్న ఇది.

ఊరపిచ్చుక మనిషికి కొత్త కాదు. పెంకుటింటి వాసాల సందులో, గోడ మీద ఫోటో వెనుక గూడు పెట్టుకుని, చూరుకు కట్టిన ధాన్యపు కుచ్చులు తింటూ వేల ఏళ్లుగా మనతోనే ఉంది. దేశం మొత్తం మీద దాని సంఖ్య నిలకడగానే ఉన్నా, హైదరాబాదు సహా ఆరు మహానగరాల్లో తగ్గుతోందని 2020లో వెలువడిన భారతదేశ పక్షుల నివేదిక చెప్పింది. పెద్ద పిచ్చుక అన్నం మెతుకులతో బతికేస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మాత్రం మొదటి రోజుల్లో మెత్తని పురుగులు కావాలి. ఆవరణంతా సిమెంటు చేసి, ఉన్న రెండు మొక్కలకు మందు కొడితే పురుగు ఎక్కడిది? తల్లి ఎంత తెలివైనదైనా లేని పురుగును తేలేదు.

బట్టమేక పిట్ట సంగతి ఇంకా దయనీయం. నంద్యాల జిల్లా రోళ్లపాడులో దానికోసమే 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఒకప్పుడు ఆ గడ్డిభూముల్లో తిరిగిన పక్షి ఇప్పుడు అక్కడ దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తం మీద రెండు వందల లోపే మిగిలాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. పది, పదిహేను కిలోల బరువుండే పక్షి. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడ్డా అంత బరువుతో చటుక్కున తప్పుకోలేదు. 2021లో సుప్రీంకోర్టు కరెంటు తీగలను నేలలో వేయమంది. 2024లో ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల సంఘానికి అప్పగించింది. పరిశుభ్రమైన కరెంటు మనకూ కావాలి కాబట్టి ఇది తేలిగ్గా తెగే తగవు కాదు.

యోబు గ్రంథం 39వ అధ్యాయంలో నిప్పుకోడి ఇలాంటిదే. నేల మీద గుడ్లు పెట్టి, ఎవరైనా తొక్కుతారేమోనన్న ఆలోచన లేకుండా వెళ్లిపోతుంది. దానికి జ్ఞానం తానే ఇవ్వలేదని దేవుడు స్వయంగా చెబుతున్నాడు. అయినా అదే అధ్యాయంలో గద్ద పక్కన, గుర్రం పక్కన దానికీ చోటు ఇచ్చాడు. తెలివిగలది బతుకుతుంది, లేనిది పోతుంది అనే లెక్క ఆ అధ్యాయంలో నాకు కనబడదు.

కొత్త మందిరాలు కట్టుకుంటున్న సంఘాలు, పాతవాటికి మరమ్మతులు చేయిస్తున్న సంఘాలు మనలో చాలా ఉన్నాయి. 84వ కీర్తనలో బలిపీఠం దగ్గర పిచ్చుకకు, వానకోవెలకు చోటు దొరికింది. మన కొత్త కట్టడాల్లో నున్నని గాజు పలకల మధ్య వేలు దూరే సందు కూడా ఉండటం లేదు. పాత మందిరానికి సున్నం వేయించేటప్పుడు సందుల్లో గూళ్లున్నాయేమో ముందు చూడమని మేస్త్రీకి చెప్పండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దారిలో కనిపించే గూటి కోసం ఒక చట్టమే ఉంది. పిచ్చుక గుడ్లు పొదగడానికి సుమారు రెండు వారాలు, పిల్లలు ఎగిరిపోవడానికి మరో రెండు వారాలు పడుతుంది. ఆ ఒక్క సందును నెల రోజులు ఆపి మిగిలిన గోడ పూర్తి చేసుకోవచ్చు. సందులు మూయక తప్పదంటే చూరు కింద, ఎండ నేరుగా పడని చోట చెక్కపెట్టెలు బిగించండి. రంధ్రం ఒకటింబావు అంగుళం ఉంటే చాలు. అంతకంటే పెద్దదైతే గోరువంకలు వచ్చి ఆక్రమిస్తాయి.