ఆటిజం గల బిడ్డకు వీధి మరల అలవాటగుట ఎట్లు?

నిన్నటివరకు అంగడికి, గుడికి వెంట వచ్చిన బిడ్డ నేడు చెవులు మూసుకొని గడప దాటనని ఏడ్చుచున్నాడని దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ ప్రాంతాల తల్లులు నాతో చెప్పుకొనుచుందురు. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఇంట ఉండిన పిదప ఇట్టి బిడ్డలను మరింతగా చూచితిని. ఇది మొండితనము కాదు, పెంపకలోపమూ కాదు.

ఇంద్రియములకు శబ్దాదులు మితిమీరి సోకుటను చరకుడు అతియోగమనెను. మనకు మామూలుగా తోచు బస్సు హారను, దుకాణపు దీపాలు, గురువారం సాయిబాబా గుడి వద్ద రద్దీ ఆ బిడ్డకు అతియోగమే కావచ్చును. అయితే మానుట హఠాత్తుగా జరిగినచో చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకము ఉన్నవేమో ముందుగా వైద్యునికి చూపవలెను. నొప్పిని కొందరు బిడ్డలు మాటలతో చెప్పలేరు.

అలవాట్లను ఒక్కుమ్మడిగా కాక, నాల్గవవంతు చొప్పున, నడుమ విరామమిచ్చుచు మార్చుకొనవలెనని చరక సంహిత సూత్రస్థానంలో కలదు. దీనినే పాదాంశ క్రమమందురు. అది ఆహారవిహారములకై చెప్పినదే అయినను ఇచ్చటను చక్కగా అన్వయించును.

దిల్‌సుఖ్‌నగర్ నుండి మెట్రోలో ఎల్‌బీనగర్ చేరవలెననుకొనుడు. మొదటి పాదము: స్టేషను మెట్లవరకు పోయి తిరిగి వచ్చుట. రెండవది: చైతన్యపురిలో దిగుట. మూడవది: విక్టోరియా మెమోరియల్. నాల్గవది: ఎల్‌బీనగర్. ఒక పాదము సుఖముగా కుదిరిన పిదపనే, రెండు మూడు దినములాగి, తరువాతి దానికి పోవలెను. బెదరినచో వెనుకటి పాదమునకే రావలెను.

రద్దీ లేని వేళ ఎంచుకొనుడు. పోవు చోటి చిత్రములను ముందురోజే చూపుడు. చెవులకు కప్పు, అలవాటైన తినుబండారము, మంచినీరు వెంట ఉంచుడు. “ఇంటికి పోదాము” అనుటకు ఒక సైగ నేర్పి, చూపిన వెంటనే మరలుడు. తన మాట చెల్లునను నమ్మకమే బిడ్డకు ధైర్యము. ఏడ్పు మొదలగునంతవరకు ఆగక, ఉల్లాసముగా ఉన్నప్పుడే తిరుగుముఖము పట్టుడు. చూచువారి మాటలకు సిగ్గుపడి బిడ్డను గద్దింపవలదు.

ఆటిజమును మాన్పు లేహ్యము గాని భస్మము గాని లేదు. అట్లు చెప్పి అమ్మువారిని నమ్మవలదు. శుద్ధి ఎరుగని భస్మములలో సీసము, పాదరసము ఉండవచ్చును. శిక్షణ, సలహాల కొరకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. కావున వీధి, బండి, ఉద్యానము ఈ బిడ్డకును హక్కే. తొందర మాత్రము పనికిరాదు.