మోకాలికి జెల్ ఇంజెక్షన్: గుజ్జు మళ్లీ పెరుగుతుందా?



"సిస్టరమ్మా, మోకాలికి జెల్ సూది వేయించుకుంటే అరిగిపోయిన గుజ్జు మళ్లీ పెరుగుతుందంట, నిజమేనా?" మా ఓ.పి.లో పెద్దవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆ మధ్య ఒక తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి, ఆ సూది కోసం డబ్బు కొంగున కట్టుకుని మరీ వచ్చింది. అందుకే ఈసారి ఈ విషయం వివరంగా రాస్తున్నాము.

జెల్ అంటే ఏమిటి?

సబ్జా గింజలు నీళ్లలో వేస్తే కాసేపటికి ఒక్కొక్క గింజ చుట్టూ మెత్తటి జిగురు పొర ఉబ్బుతుంది. ఆ పొరలో ఎక్కువ భాగం నీరే. అయినా కారిపోదు. కంటికి కనబడని సన్నని పోగుల వల ఆ నీటిని పట్టి ఉంచుతుంది. ఇలాంటి పదార్థాన్ని హైడ్రోజెల్ అంటారు. మన శరీరంలో కూడా ఎక్కువ భాగం నీరే కాబట్టి ఇవి లోపలి మెత్తటి భాగాలతో ఇమిడిపోతాయి.

వైద్యానికి పనికివచ్చే హైడ్రోజెల్ గురించి 1960లో చెకోస్లొవేకియా శాస్త్రవేత్తలు ఒట్టో విక్టర్లె, ద్రహోస్లావ్ లిమ్ లోకానికి తెలియజేశారు. 1961 క్రిస్మస్ రోజుల్లో విక్టర్లె తన ఇంట్లోనే, పిల్లల ఆట సామానుతోను సైకిలు డైనమోతోను చిన్న యంత్రం చేసి, మెత్తటి కాంటాక్ట్ లెన్సులు తయారుచేశారు.

లోపల కరిగిపోయే జెల్

లెన్సు కరగదు. తరువాత వచ్చిన కొన్ని జెల్‌లను సూదితో ఎక్కించవచ్చు, పని అయ్యాక అవి శరీరంలోనే కరిగిపోతాయి. ఆపరేషన్ తరువాత కరిగిపోయే కుట్లు మీలో చాలామందికి తెలుసు. ఇదీ అలాంటిదే.

ఒక ఉదాహరణ చెబుతాము. మగవారిలో ప్రొస్టేట్ గ్రంథికి క్యాన్సర్ వస్తే రేడియేషన్ ఇస్తారు. ఆ గ్రంథికి వెనుకనే మలద్వారానికి పోయే పేగు ఉంటుంది. దానికి కిరణాలు ఎక్కువ తగలకుండా రెండు ద్రవాలను సూదితో ఎక్కిస్తారు. అవి కలిసిన కొద్ది సెకన్లకే జెల్‌గా మారి, మధ్యలో మెత్తటి దిండులాగా సుమారు ఒక సెంటీమీటరు ఎడం చేస్తాయి. ఆ దిండు సుమారు 3 నెలలు నిలిచి, 6 నెలలకల్లా కరిగి మూత్రంలో పోతుంది. దీనికి అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది.

మరి మోకాలి సూది?

మోకాలికి వేసేది హయలురోనిక్ ఆమ్లం. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని పశువు కంటిలో కనుగొన్నారు. మన కీళ్లలో జిగురుగా ఉండే నీటిలో ఇది సహజంగానే ఉంటుంది, బండి ఇరుసుకు కందెనలాగా పనిచేస్తుంది. కీలు అరిగినప్పుడు ఈ జిగురు పలచబడుతుంది. అందుకని బయటి నుండి ఎక్కిస్తారు. కొన్ని రకాలు చిక్కటి ద్రవంగా, కొన్ని జెల్‌గా ఉంటాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ జెల్ కందెన మాత్రమే, గుజ్జు కాదు. కొద్ది రోజులు, వారాలలో శరీరం దానిని కరిగించివేస్తుంది. అరిగిన గుజ్జు దీనితో తిరిగి పెరుగుతుందని రుజువు లేదు. కొందరికి కొంతకాలం నొప్పి తగ్గినట్లుంటుంది. అయితే ఎన్నో పరీక్షలను కలిపి 2022లో చూసినప్పుడు, ఉత్తుత్తి సూదికీ దీనికీ నొప్పిలో తేడా చాలా తక్కువని తేలింది. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022లో దీనిని ఇవ్వవద్దనే చెప్పాయి. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2021లో, అందరికీ మామూలుగా వాడవద్దన్నది.

సూది వేయించుకోవాలనుకుంటే

• మందు ఏది, ఎన్ని సూదులు, మొత్తం ఖర్చు ఎంత అని ముందే అడగండి.
• కొన్ని మందులు కోడిపుంజు జుట్టు నుండి తీస్తారు. కోడిమాంసం, గుడ్డు పడనివారు డాక్టరుగారికి తప్పక చెప్పండి.
• మోకాలి మీద పుండు, చీము ఉంటే సూది వేయించుకోకూడదు.
• సూది తరువాత మోకాలు ఎర్రబడి, బాగా వాచి, జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

ఖర్చు లేని వైద్యం

కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి, తొడ కండరం బిగించి, 5 అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కొక్క కాలికి 10 సార్లు, రోజూ చేయండి. బరువు ఎక్కువుంటే తగ్గించుకోండి. గొంతుక్కూర్చోవడం తగ్గించండి. చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడవద్దు. నొప్పి లేని కాలి వైపు చేతితో పట్టుకోవాలి. కీలు పూర్తిగా అరిగి రాత్రి నిద్ర కూడా పట్టకపోతే, కీలు మార్పిడి ఆపరేషన్ గురించి డాక్టరుగారితో మాట్లాడండి.

ఆ తల్లికి డాక్టరుగారు ఇవన్నీ చెప్పి, వ్యాయామాలు నేర్పించి పంపారు. మూడు నెలల తరువాత మళ్లీ వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, కర్ర ఊతంతో మెట్లు తనే ఎక్కింది. చెవులకు కమ్మలు ఉన్నాయి. మీరు కూడా డబ్బు కట్టేముందు ఒక్కసారి వచ్చి మమ్మల్ని అడగండి.