ఉమ్మడి జీపీయూ సర్వర్‌లో పైథాన్ పరిశోధన: కంటైనర్ కాపాడేది, కాపాడనిది

వ్యాససంగ్రహం: ఒకే జీపీయూ సర్వర్‌ను పలువురు పరిశోధకులు పంచుకొన్నప్పుడు పైథాన్ లైబ్రరీల మధ్య వచ్చే పొరపొచ్చాలను కంటైనర్ తీరుస్తుంది. సేకరించిన సమాచారపు గోప్యతకు, ఫలితాల పునరావృత్తికి మాత్రం అది దానంతటదే పూచీ కాదు. ఆ పూచీ ఎక్కడ సడలుతుందో కోయ భాషా ధ్వనుల సేకరణను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కంటైనర్, జీపీయూ, పైథాన్, డాకర్, ఆప్టైనర్, పునరావృత్తి, కోయ భాష.

1. ఉపోద్ఘాతం

ఖమ్మం నుండి సత్తుపల్లి వెళ్ళే దారిలో తల్లాడ ఉంది. అక్కడి నుండి భద్రాచలం వైపు సాగే కొద్దీ అటవీ ప్రాంత గ్రామాల్లో కోయ భాష వినిపిస్తుంది. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఈ భాషను మాతృభాషగా నమోదు చేసుకొన్నవారు సుమారు 4 లక్షలు. ఈ ప్రాంతపు పరిశోధక విద్యార్థి ఒకరు ఆ మాటలను రికార్డు చేసి, వాటిని లిపిలోకి మార్చే నమూనాకు శిక్షణ ఇవ్వదలచారని ఊహించవచ్చు. రికార్డింగు ఊళ్ళో జరుగుతుంది; శిక్షణకు జీపీయూ కావాలి. అది ఐఐటీ హైదరాబాదులోని 838 టెరాఫ్లాప్స్ ‘పరమ్ సేవ’ వంటి పెద్ద యంత్రం కావచ్చు, విభాగపు గదిలోని ఒక చిన్న సర్వర్ కావచ్చు. ఏదైనా ఉమ్మడి సొత్తే.

ఒకరికి పైటార్చ్ పాత వెర్షన్ కావాలి, మరొకరికి కొత్తది కావాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పైథాన్ ప్యాకేజీలను వేరు చేయగలదు. వాటి అడుగున ఉండే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి సిస్టమ్ లైబ్రరీలు మాత్రం అందరికీ ఒకటే.

2. కంటైనర్ హద్దు

కంటైనర్ వర్చువల్ మెషీన్ కాదు. లైబ్రరీలన్నీ ఇమేజ్‌లో ఉంటాయి. కెర్నల్ మాత్రం సర్వర్‌దే. 2013లో పైకాన్ సదస్సులో సాలమన్ హైక్స్ డాకర్‌ను తొలిసారి బహిరంగంగా చూపినప్పటికే లినక్స్‌లో ఇందుకు కావలసిన సరంజామా ఉంది. జీపీయూ డ్రైవర్ కూడా ఇమేజ్ వెలుపలే ఉంటుంది. క్యూడా 12తో కట్టిన ఇమేజ్‌కు సాధారణంగా 525 శ్రేణి లేదా ఆపై డ్రైవర్ అవసరం. సర్వర్‌లో అంతకంటే పాతది ఉంటే ఇమేజ్‌ను ఎన్నిసార్లు తిరిగి కట్టినా ప్రయోజనం ఉండదు.

3. గోప్యత

సాధారణ అమరికలో డాకర్ సేవ రూట్ అధికారంతో నడుస్తుంది. కనుక ‘డాకర్’ గ్రూపులో చేర్చిన ప్రతి వినియోగదారుకూ ఆచరణలో రూట్ అధికారం ఇచ్చినట్లే. అతడు సర్వర్ మొత్తం ఫైల్ వ్యవస్థను తన కంటైనర్‌కు జతచేసుకొని ఇతరుల ఫోల్డర్లు చదవవచ్చు. కోయ వక్తలు ఒక పరిశోధకురాలిని నమ్మి ఇచ్చిన గొంతులు అప్పుడు ఆ గ్రూపులోని వారందరికీ అందుబాటులోకి వస్తాయి. పరిశోధన నైతికత గురించి పత్రాలు నింపే విభాగాలు ఈ ఒక్క అమరికను అడిగి చూడటం అరుదు.

ఈ చిక్కు తీర్చేందుకే 2015లో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగరీ కుర్ట్‌జర్ సింగులారిటీని ఆరంభించారు. 2021లో అది లినక్స్ ఫౌండేషన్ నీడకు చేరి ఆప్టైనర్ అయింది. ఇందులో కంటైనర్ దానిని నడిపే వినియోగదారు అధికారంతోనే నడుస్తుంది. రూట్ లేని డాకర్, పాడ్‌మన్ కూడా ఇదే దారిలోనివి.

4. పునరావృత్తి

ఆప్టైనర్‌కు ఒక సౌకర్యం ఉంది: వినియోగదారు హోమ్ ఫోల్డర్‌ను అడగకుండానే కంటైనర్‌లోకి తెస్తుంది. చిక్కు ఇక్కడే. ఎప్పుడో పిప్‌తో ‘యూజర్’ పద్ధతిలో స్థాపించిన ప్యాకేజీలు హోమ్‌లోని ‘లోకల్’ ఫోల్డర్‌లో ఉంటాయి. కంటైనర్‌లోని పైథాన్ వెర్షన్ వాటితో సరిపోలితే, ఇమేజ్‌లోని ప్యాకేజీల కంటే ముందు వీటినే ఎంచుకొంటుంది. సిద్ధాంత గ్రంథంలో ఒక వెర్షన్ పేరు నమోదవుతుంది, ఫలితం మరొక వెర్షన్‌ది అవుతుంది. దోష సందేశం ఏదీ రాదు. ఏళ్ళ తరువాత పరీక్షకులు అదే ఇమేజ్‌ను మరో యంత్రంలో నడిపి వేరే అంకెలు చూసినప్పుడే సంగతి బయటపడుతుంది. హోమ్‌ను జతచేయవద్దనే ఐచ్ఛికం వాడటం, లేదా ‘పైథాన్‌నోయూజర్‌సైట్’ అనే పర్యావరణ చలరాశిని ఇమేజ్ నిర్వచనంలోనే 1గా ఉంచటం దీనికి విరుగుడు. రెండవది మేలు, అది ఇమేజ్‌తోపాటే ప్రయాణిస్తుంది.

‘లేటెస్ట్’ అనే గుర్తుతో మూల ఇమేజ్ తెచ్చుకోవటమూ ఇలాంటి పొరపాటే. ఆ గుర్తు నేడు చూపే ఇమేజ్, రేపు చూపే ఇమేజ్ ఒకటి కానక్కరలేదు. ఇమేజ్ డైజెస్ట్‌ను గ్రంథపు అనుబంధంలో నమోదు చేయాలి.

5. జ్ఞాపకశక్తి పంపకం

కంటైనర్‌కు విధించే మెమరీ పరిమితి సాధారణ ర్యామ్‌కే వర్తిస్తుంది, జీపీయూ మెమరీకి కాదు. టెన్సర్‌ఫ్లో తనకు కనిపించే జీపీయూల మెమరీని దాదాపు మొత్తం ముందే పట్టుకొంటుంది. జాక్స్ 75 శాతం పట్టుకొంటుంది. ఏ100 వంటి జీపీయూను యంత్రస్థాయిలోనే 7 భాగాల వరకు విడదీయవచ్చు. ఆ వీలు లేనిచోట స్లర్మ్ వంటి వరుస నిర్వాహకమే ఎవరికి ఏ జీపీయూ దక్కాలో తేల్చాలి.

తల్లాడ నుండి పనిచేసేవారికి మరొక వెసులుబాటు ఉంది. ఇమేజ్ అనేక గిగాబైట్లు ఉన్నా, దాని నిర్వచన ఫైలు కొద్ది పంక్తులే. బలహీనమైన ఫోన్ సిగ్నల్ మీద ఆ పంక్తులను మాత్రం పంపి, ఇమేజ్‌ను సర్వర్‌లోనే కట్టించుకోవచ్చు. ఆప్టైనర్ కాష్ అప్రమేయంగా హోమ్‌లో చేరి కోటాను నింపుతుంది కనుక దానిని ముందే వేరే డిస్కుకు మళ్ళించాలి.