పాత సామాను అమ్ముతున్నారా.. పత్రాలు జాగ్రత్త!

ఇంటి వద్ద అమ్మకానికి అనుమతి అక్కర్లేదు
వాహనం పేరు మార్చకుంటే అసలు యజమానికే చిక్కులు

మోతె: ఇల్లు మారేటప్పుడో, పిల్లల చదువుల కోసం పట్నం వెళ్లేటప్పుడో పాత బీరువా, మంచాలు, ఇత్తడి బిందెలు, సెల్‌ఫోను, ద్విచక్ర వాహనం వంటివి అమ్ముకోవడం పల్లెల్లో పరిపాటి. అమెరికాలో ఇలా ఇంటి ముందు పరచి అమ్మడాన్ని గ్యారేజ్ సేల్ అంటారు. అక్కడి పలు పట్టణాల్లో ఇందుకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. ఏడాదికి ఎన్నిసార్లు అమ్మవచ్చో కూడా పరిమితి ఉంటుంది. మన వద్ద అటువంటి ప్రత్యేక నిబంధన లేకున్నా, వస్తువును బట్టి వర్తించే చట్టాలు ఉన్నాయి. వాటిని విస్మరిస్తే అమ్మినవారికీ, కొన్నవారికీ ఇబ్బందులు తప్పవు.

ఇంట్లో సరే.. రోడ్డుపై కుదరదు

సొంత ఇంటి ఆవరణలో వాడిన సామాను అమ్ముకునేందుకు పంచాయతీ అనుమతి అవసరం లేదు. ఇది వ్యాపారం కిందికి రాదు కనుక జీఎస్టీ వర్తించదు. గృహోపకరణాల అమ్మకంపై ఆదాయపు పన్ను కూడా ఉండదు. బంగారు ఆభరణాలకు మాత్రం ఈ మినహాయింపు లేదు. అంగడిలోనో, గ్రామ రహదారి పక్కనో సామాను పెడితే గ్రామ పంచాయతీ నిర్ణయించిన తైబజారు రుసుము చెల్లించవలసి ఉంటుంది. రాకపోకలకు అడ్డుగా ఉంటే తొలగించే అధికారం పంచాయతీకి ఉంది. మైకు వాడాలంటే రాతపూర్వక అనుమతి తప్పనిసరి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు మైకు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమావళి చెబుతోంది.

బండి ఇచ్చి ఊరుకుంటే..

డబ్బు తీసుకుని, సంతకం చేసిన కాగితాలతో పాటు బండి అప్పగించి చాలామంది ఊరుకుంటున్నారు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం, అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తమ ప్రాంత రవాణా కార్యాలయంలో పేరు మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. ఇందుకు ఫారం 29, 30 అవసరం. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్లు ఫారం 35తో పాటు బ్యాంకు నిరభ్యంతర పత్రం జతపరచాలి. బీమా బదిలీకి కొన్నవారు 14 రోజుల్లోగా బీమా సంస్థకు దరఖాస్తు చేయాలి. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. జగ్గయ్యపేట వైపు వారికి అమ్మితే రాష్ట్రం మారుతుంది కనుక ఫారం 28 ద్వారా రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం పొందాలి.

పేరు మారేంతవరకు చలానాలన్నీ పాత యజమానికే వస్తాయి. ప్రమాదం జరిగితే పరిస్థితి మరింత జటిలం. 2007లో అమ్మిన ఒక కారు పలు చేతులు మారి 2009లో ప్రమాదానికి గురైంది. రిజిస్ట్రేషన్ మొదటి యజమాని పేరిటే ఉండటంతో, చట్టం దృష్టిలో ఆయనే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది. కారు ఆయన చేతిలో లేకపోయినా బాధ్యత తప్పలేదు.

చవకగా వస్తోందని కొంటే..

బిల్లు లేని సెల్‌ఫోన్లు, వ్యవసాయ మోటార్లు, రాగి తీగ కొనే ముందు జాగ్రత్త అవసరం. దొంగసొత్తని తెలిసి గానీ, అలా నమ్మేందుకు కారణం ఉండి గానీ కొన్నవారికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. వస్తువు పోలీసుల స్వాధీనమవుతుంది, చెల్లించిన డబ్బుకూ దిక్కుండదు.

ఫోను విషయంలో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. కేవైఎం అని ఆంగ్లంలో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను 14422కు సంక్షిప్త సందేశం పంపితే ఫోను వివరాలు తెలుస్తాయి. చోరీ ఫోనుగా బ్లాక్ అయి ఉంటే కొనకపోవడమే మేలు.

ఇవి మరవొద్దు

* తేదీ, సమయం, ధర, వస్తువు గుర్తింపు సంఖ్యతో రసీదు రాసుకుని ఇరువురూ సంతకాలు చేయాలి.
* ఎదుటివారి గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి.
* ఫోను అమ్మే ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, సమాచారం పూర్తిగా తొలగించాలి.
* బండి కొనే ముందు పెండింగ్ చలానాలు, బీమా గడువు సరిచూసుకోవాలి.
* అమ్మిన బండి పేరు మారిందో లేదో నెల తర్వాత రవాణా శాఖ వెబ్‌సైట్‌లో పరిశీలించుకోవాలి.