కీళ్ళవాతమును కంఠస్వరమును

ఇంటిలో ఇల్లాలి వ్రేళ్ళు వాచినచో అందఱును చూతురు. ఆమె కుంటుచు నడచినచో ఇరుగుపొరుగువారును కుశలమడుగుదురు. కాని ఆమె గొంతు బొంగురుపోయినచో మాత్రము, "సర్ది చేసినది, మిరియాల కషాయము త్రాగుము" అని చెప్పి ఎవరి పనికి వారు పోవుదురు. నాలుగు దినములలో తగ్గిపోవు బొంగురునకు ఆ మాట చాలును. నెలలు గడచినను తగ్గని బొంగురునకు చాలదు. అందును చిరకాలముగా కీళ్ళవాతముతో కాపురము చేయుచున్న స్త్రీ విషయమున అసలే చాలదు. కీళ్ళకును గొంతునకును సంబంధమేమని సోదరీమణులు అడుగవచ్చును. ఒకప్పుడు మేమును అట్లే అడిగితిమి. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానమును, దానిని తెలిసికొనుటలో మేము చేసిన ఆలస్యమును ఇచ్చట విన్నవించుచున్నాము.

మొగుడంపల్లి సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు చేరువను, కర్ణాటక సరిహద్దునకు దాపునను ఉన్న యూరు. జొన్న, కంది, చెఱకు, అల్లము పండు సీమ యది. అచ్చటివారి పలుకుబడిలో తెలుగునకు తోడు కన్నడపు మాటలును, ఉర్దూ మాటలును కలిసి వినబడుచుండును. ఆ యూర మా యన్నగారి యిల్లు గలదు. మా వదినెగారికి కీళ్ళవాతము పట్టి యెనిమిదేండ్లయినది. ఉదయము లేచిన గంటకు గాని పిడికిలి ముడువలేదు. అయినను ఆమెకు ఊరిలో నున్న పేరు వ్యాధివలన వచ్చినది కాదు, గొంతువలన వచ్చినది. బతుకమ్మ తొమ్మిది దినములును వాడలోని యాడువారందఱును ఆమె పాట యెత్తుకొనువఱకు వేచియుండెడివారు. ఆమె యొక చరణము చెప్పిన పిమ్మట తక్కినవారు అందుకొనెడివారు. ఏ పాట తరువాత ఏ పాట రావలెనో ఏ పుస్తకములోను లేదు. అది ఆమె నోట నుండెను.

ఒక పండుగకు మేము పోయినపుడు కోడలు మమ్ము వంటయింటి చాటునకు పిలిచి, "అత్తమ్మ నాతోని మాట్లాడుతలేదు చిన్నమ్మా, నేనేం తప్పు జేసిన్నో ఎరుక లేదు" అని కన్నీరు పెట్టుకొన్నది. పిలిచినచో పలుకదట. పలికినను ఒక్కమాటతో ముగించునట. మేమును అది కోపమే యనుకొంటిమి. వదినెగారిని ప్రక్కకు పిలిచి నాలుగు నీతులు చెప్పితిమి. ఆమె మా మాటలన్నియు విని, గొంతుమీద చేయి వేసికొని, గాలి కలిసిన సన్నని స్వరముతో, "కోపం గాదు వదినా, గొంతు రాదు" అన్నది. మూడు నెలలనుండి మాట్లాడినచో నొప్పి. మ్రింగినచో చెవివఱకు పోటు. గొంతులో ఏదో ముద్ద అడ్డుపడినట్లుండునట. ఎవరితోను చెప్పలేదు. "చేతులకు మందులు, కాళ్ళకు మందులు, ఇంక గొంతుకు గూడనా" అని సిగ్గుపడినదట. ఆ సంవత్సరము పాట ఆమె యెత్తుకొనలేదు.

ఈ సిగ్గే మన యిండ్లలో అసలు వ్యాధి. కాబట్టి గొంతు సంగతి కొంత వివరముగా తెలిసికొందము.

మెడ ముందుభాగమున చేతికి తగులు పెట్టె వంటి భాగమునకు స్వరపేటిక యని పేరు. దాని యడుగున ఉంగరము వంటి మృదులాస్థి యొకటి గలదు. ఆ యుంగరము వెనుక అంచుమీద గరిటె ఆకారము గల రెండు చిన్న మృదులాస్థులు కూర్చుండియున్నవి. స్వరతంత్రుల వెనుక కొనలు వీనికి అంటియుండును. మనము మాటలాడునపుడు ఈ రెండును జరిగి తంత్రులను దగ్గఱకు చేర్చును. ఊపిరి తీయునపుడు దూరముగా జరిపి గాలికి త్రోవ యిచ్చును. ఈ చిన్న గరిటెలు ఉంగరముమీద కదలుచోట నున్నవి నిజమైన కీళ్ళే. వ్రేలి కీలునకు వలెనే వీనికిని లోపల పలుచని పొరయు, కదలిక సులువగుటకు జిగురునీరును గలవు. వ్రేలి కీలు పొరను వాపజేయు వ్యాధి గొంతులోని కీలు పొరను ఏల విడిచిపెట్టును? అచ్చటను వాపు కలుగును. అందుచేతనే బొంగురు, ముద్దవంటి యడ్డు, మ్రింగుటలో నొప్పి, చెవి పోటు. వదినెగారు చెప్పిన లక్షణములన్నియు ఈ కీలునకు సంబంధించినవే.

కీళ్ళవాతము అరుగుదలవలన కలుగు ముసలితనపు నొప్పి కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి తన కీళ్ళమీదనే తిరుగబడుట దీని స్వభావము. దీనినే వైద్యులు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అందురు. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. కీళ్ళలో మొదలైనను కీళ్ళతోనే ఆగదు. కన్నులు, ఊపిరితిత్తులు, చర్మము గూడ దీని పాలబడవచ్చును. ఒక్కొక్కప్పుడు స్వరతంత్రులమీదనే చిన్న చిన్న గడ్డలు లేచి స్వరమును చెఱచును.

ఇక దీని తోబుట్టువు వంటి వ్యాధి మఱియొకటి గలదు. స్వీడను దేశమున హెన్రిక్ షోగ్రెన్ అను నేత్రవైద్యుడు కన్నులును నోరును ఎండిపోవుచున్న 19 మంది స్త్రీలను పరీక్షించి 1933 లో ఒక గ్రంథము వెలువరించెను. వారిలో 13 మందికి కీళ్ళవ్యాధియు నుండెను. ఈ వ్యాధి కన్నీటిగ్రంథులను, లాలాజలగ్రంథులను ఎండగొట్టును. నోట తడి లేనిచో గొంతునకు తడి యెక్కడిది? స్వరము గీచుకొనిపోవును; పొడిదగ్గు వచ్చును; పండ్లు త్వరగా పుచ్చును. జొన్నరొట్టె తిను సీమలో దీనిని గుర్తుపట్టుట సులువు. రొట్టె ముక్కకొక గుటక నీరు లేనిదే దిగకున్నచో, కన్నులలో ఇసుక పడినట్లుండుచున్నచో, ఆ మాటను వైద్యునితో తప్పక చెప్పవలెను. అది ముసలితనపు చాదస్తము కాదు.

గొంతు చెడుటకు మందులును కొంత కారణము కావచ్చును. నొప్పి మాత్రలు పరగడుపున మ్రింగినచో కడుపులో మంట లేచును; పుల్లనినీరు రాత్రివేళ గొంతువఱకు ఎగదన్ని స్వరమును కాల్చును. కొన్ని మందులు నోట పుండ్లు లేపును. రక్షణశక్తిని తగ్గించు మందులు వాడువారికి నోటిలో తెల్లపూత రావచ్చును; క్షయ సోకు భయమును హెచ్చు. ఆ క్షయ స్వరపేటికకు గూడ పట్టవచ్చును. జ్వరము, చెమటలు, బరువు తగ్గుట వీనితో కూడిన బొంగురును ఉపేక్షింపరాదు. థైరాయిడ్ గ్రంథి మందగించినను స్వరము మొద్దుబారును. పొగాకు, గుట్కా అలవాటున్నవారికి పుండు భయము వేరే యున్నది. అందుచేత ప్రతి బొంగురును కీళ్ళవాతము ఖాతాలో వ్రాసివేయుటయు తప్పే. మూడు వారములు దాటిన బొంగురును కంఠవైద్యునిచే చూపించుకొనుట సరియైన నియమము.

చూచుట యనగానే భయపడవలదు. స్వరపేటికను బ్రదికియున్న మనుష్యునిలో కదలుచుండగా చక్కగా చూచిన ఘనత వైద్యునిది కాదు, ఒక సంగీతోపాధ్యాయునిది. మాన్యుయెల్ గార్సియా అను నాతడు 1854 లో రెండు అద్దములను, సూర్యకాంతిని ఉపయోగించి తన గొంతును తానే చూచుకొనెను. నేడు సన్నని మెత్తని గొట్టమును ముక్కుద్వారా లోనికి పంపి, తంత్రులు కదలుట లేదా అని నిమిషములలో చూతురు. కొంచెము అసౌకర్యమే గాని కోత లేదు.

వదినెగారిని మొదట దగ్గఱనున్న యొక వైద్యునికి చూపగా దగ్గుమందు వ్రాసి పంపెను. ఆయనను తప్పుపట్టలేము, కీళ్ళవాతమున్నదని మేమే చెప్పలేదు. గొంతునకై పోయి మోకాళ్ళ సంగతి ఏల చెప్పుదుమని యూరకుంటిమి. పిమ్మట నూఱు కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదునకు తీసికొనిపోయితిమి. కంఠవైద్యురాలు గొట్టముతో చూచి, ఒక ప్రక్క గరిటె ఎఱ్ఱగా వాచి సరిగా కదలుట లేదని చెప్పెను. "వీరి వ్రేళ్ళను చూడగానే నాకు గొంతుమీద అనుమానము కలిగినది" అన్నది. మందు గొంతునకు వేఱుగా లేదు. మూలవ్యాధిని అణచుటయే ముఖ్యము. వాపు తగ్గుటకు కొలది దినములు స్టెరాయిడును, కీళ్ళవైద్యునిచే నిలుకడయైన మందును ఏర్పాటు చేసిరి.

స్టెరాయిడు చరిత్రయు తెలియదగినది. 1948 లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్ళవాతముతో కదలలేకున్న యొక స్త్రీకి కార్టిసోనును ఇచ్చెను. కొలది దినములలోనే ఆమె లేచి నడచెను. 1950 లో ఆయనకును, మఱి యిరువురికిని నోబెల్ బహుమానము వచ్చినది. కాని యెక్కువకాలము వాడినచో ఎముకలు గుల్లబారుట, చక్కెర పెరుగుట మొదలైన కీడులు గలవని త్వరలోనే తెలిసినది. సంతలలో ఊరు పేరు లేక అమ్ము నొప్పిపొడులలో దీనిని కలుపుట కలదు. వానిని కొనరాదు. వైద్యుడిచ్చిన స్టెరాయిడును తమంతట తాము హఠాత్తుగా మానరాదు.

నేడు ఈ వ్యాధికి ఎక్కువగా ఇచ్చు మందు మెథోట్రెక్సేట్. దీనిని వారమునకు ఒక్కమాఱే మ్రింగవలెను. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. కాబట్టి ఏ వారమున మ్రింగవలెనో ఆ దినమును గోడమీది పంచాంగమున గుర్తు పెట్టుకొనుడు. గర్భము ధరింపనున్న స్త్రీలు ముందుగనే వైద్యునితో చెప్పవలెను.

ఇంటిలో చేసికొనదగిన జాగ్రత్తలు కొన్ని గలవు. దినమంతయు గుక్కెడు గుక్కెడుగా నీరు త్రాగవలెను. ఇంటినుండి చేనివఱకు కేకలు వేయరాదు. పిలువవలసినచో పిల్లవానిని పంపుడు. గుసగుసలాడినచో గొంతునకు విశ్రాంతి యనుకొనుట పొరపాటు, అదియు శ్రమయే. మెల్లగా సహజస్వరముతో మాటలాడవలెను. మాటిమాటికి గొంతు సకిలింపరాదు. అట్లనిపించినపుడు ఒక గుటక నీరు త్రాగుడు. కందులు తూర్పాఱబట్టునపుడు ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొనుడు. కట్టెలపొయ్యి పొగకు దూరముగా నుండుడు. రాత్రి భోజనము నిద్రకు మూడు గంటల ముందే ముగించుట మేలు. రొట్టె దిగనిచో పప్పులోనో మజ్జిగలోనో నానబెట్టి తినుడు. తేనె, గోరువెచ్చని నీరు హాయి నిచ్చును; త్రాగవచ్చును. అవి వాపును మాన్పవని మాత్రము మఱువవలదు.

ఒక్క సంగతిని ఇంటిలోని వారందఱును కంఠస్థము చేయవలెను. ఊపిరి లోనికి పీల్చునపుడు కూతవంటి చప్పుడగుట, పడుకొన్నపుడు ఆయాసము వచ్చుట, గుటక దిగకపోవుట అపాయసూచనలు. రెండు ప్రక్కల గరిటెలును బిగిసి తంత్రులు మధ్యకు చేరినచో గాలికి త్రోవ యుండదు. అప్పుడు తెల్లవారనిండని వేచియుండరాదు. 108 బండిని పిలిచి పెద్దయాసుపత్రికి పోవలెను. మఱియు ఏ శస్త్రచికిత్సకైనను ముందు, మత్తుమందిచ్చు వైద్యునితో కీళ్ళవాతము సంగతియు, గొంతు సంగతియు, మెడనొప్పి సంగతియు చెప్పవలెను. ఈ వ్యాధి మెడయెముకల పట్టును గూడ సడలించును; తెలియక మెడను వంచినచో ప్రమాదము కలుగవచ్చును.

జహీరాబాదు సీమలో స్త్రీ స్వరమునకు విలువ తెలియనివారు కారు. మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు 2008 లో సంఘం రేడియోను ప్రారంభించిరి. చేలలో పనిచేయు పేదస్త్రీలే, ముఖ్యముగా దళితస్త్రీలే, విత్తనముల మాటలను, పాటలను తమ గొంతుతో ఊరూర వినిపించిరి. ఒక్క గొంతు మూగవోయినచో దానితోపాటు ఎన్ని పాటలు, ఎన్ని విత్తనముల గుర్తులు, ఎన్ని మందుమొక్కల పేర్లు పోవునో ఆలోచింపుడు.

వదినెగారి స్వరము నాలుగు నెలలలో చాలవఱకు తిరిగివచ్చినది. పూర్వపు పైస్థాయి రాలేదు. రాకపోవచ్చునని వైద్యురాలు ముందే చెప్పెను. మరుసటి బతుకమ్మకు మేము మరల పోయితిమి. పాట యెత్తుకొన్నది కోడలు. వదినెగారు ప్రక్కన పీటమీద కూర్చుండి, తరువాతి చరణము మొదటిమాటను మెల్లగా అందించుచుండెను. ఏడాది పొడుగున సాయంకాలములయందు ఒక్కొక్క పాటగా నేర్పినదట. కోపమనుకొన్న మౌనము ఆ యింట నిట్లు తీరినది.

సోదరీమణులారా! మీ యింట కీళ్ళవాతముతో బాధపడు తల్లి గాని, అత్త గాని, తోడికోడలు గాని ఉన్నచో, ఈ రాత్రి ఆమె ప్రక్కన కూర్చుండి రెండు మాటలు మాటలాడింపుడు. చేతులెట్లున్నవని యడుగుటతో సరిపెట్టక, గొంతెట్లున్నదని గూడ అడుగుడు. ఆమె మాట తగ్గినచో అలిగినదని తలపక, నొప్పి యేమో యని మొదట తలపుడు.